వచ్చే మంగళవారం మధ్యాహ్నం ఎవరు చూస్తారు?

"మీ తర్వాత ఈ అబ్బాయిని ఎవరు చూస్తారమ్మా?"

మా అమ్మను ఈ మాట అడగనివాళ్లు తెనాలిలో తక్కువ. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నావిడ అడుగుతుంది. కూరగాయల బండి దగ్గర అడుగుతారు. ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వచ్చిన సచివాలయం అమ్మాయి కూడా వేలిముద్ర వేయించుకుంటూ అడిగింది. "అబ్బాయి" అంటే మా అన్నయ్య. నలభైకి దగ్గరపడ్డాడు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే ఒంటి కదలికల మీద మెదడుకు పట్టు లేని స్థితి, దానికి తోడు ఫిట్స్. నడవలేడు, మాటలు రావు. నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది.

అమ్మ దగ్గర ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. అడిగినవాళ్లు పెద్దవాళ్లయితే చూపుడువేలు పైకి చూపిస్తుంది. చిన్నవాళ్లయితే నా వైపు చూపిస్తుంది. నాకు ఆ రెండు జవాబులూ నచ్చవు, అసలు ప్రశ్నే నచ్చదు. "మీ తర్వాత" అనగానే అందరి మొహాల్లోకీ ఒక పెద్దరికం వచ్చేస్తుంది. ఒక నిట్టూర్పు విడిచి, కాఫీ తాగేసి వెళ్లిపోతారు. అదే "వచ్చే మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఎవరు చూస్తారు?" అని అడిగి చూడండి. ఎవరో ఒకరు లేచి రావాల్సి వస్తుంది, లేదంటే ఎవరికో ఒకరికి జీతం ఇవ్వాల్సి వస్తుంది. అందుకే ఎవరూ అలా అడగరు.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. ఇంటికొచ్చి కొన్ని గంటలు చూసుకునే మనిషిని పెట్టుకోవడం, రెస్పైట్ కేర్ అంటున్నారు ఇప్పుడు, అలసిపోయిన తల్లికి జాలిపడి ఇచ్చే విశ్రాంతి అనుకున్నంత కాలం అది ఎవరికీ దొరకదు. తల్లులు ఆ విశ్రాంతి అడగరు. అడిగితే బిడ్డ బరువైపోయాడని ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. ఆ ఏర్పాటు అసలు కావాల్సింది ఆ బిడ్డకి. తనను ఎత్తగలిగిన, తినిపించగలిగిన, తన అరుపు ఆకలిదో నొప్పిదో పోల్చుకోగలిగిన మనిషి లోకం మొత్తంలో ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరికి జ్వరమొచ్చిన రోజు ప్రాణం మీదికొచ్చేది బిడ్డకే. అలాంటివాళ్లు ఇద్దరుంటే సగం గండం గడిచినట్టు. ముగ్గురుంటే, పెళ్లిలో పక్క కుర్చీ ఆవిడకు చెప్పడానికి ఏదో ఒక జవాబు ఉన్నట్టు.

మాకు ఈ సంగతి తెలిసొచ్చింది అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు. నేను హైదరాబాద్ నుంచి వచ్చాను, పెద్దమ్మ గుంటూరు నుంచి వచ్చింది. అన్నయ్య యాభై కిలోల పైచిలుకు మనిషి. ఎత్తడం సంగతి తర్వాత, మేం అన్నం దగ్గరే ఆగిపోయాం. నా చేతిలో చెంచా చూడగానే మూతి బిగించేశాడు. అమ్మ చీర కట్టుకున్నాను. ఆస్పత్రి నుంచి అమ్మ చేత ఫోన్లో మాట్లాడించాను. ఆకలికి ఏడుస్తూ కూడా నోరు తెరవలేదు. వచ్చిన చుట్టాలు "చూశావా, తల్లంటే ఎంత ప్రేమో" అని కళ్లొత్తుకున్నారు. నాకు గడియారం మీదే ఉంది కన్ను. ఫిట్స్ సిరప్ వేళ దాటిపోతోంది. అన్నం లేకపోతే ఒకపూట ఓర్చుకుంటాడు, సిరప్ పడకపోతే ఊరుకునే జబ్బు కాదది.

ప్రేమ ఉంటే ఉండనీ. ఒక్కరి చేతినే నమ్మే అలవాటు ముప్పై ఏళ్లు పాతుకుపోతే, అది ప్రేమ పేరుతో పెరిగిన ప్రమాదం. దాన్ని మాన్పించడానికి మందు లేదు. ఇంకో చేతిని, మెల్లిగా, అమ్మ బతికుండగా, అమ్మ ఎదురుగానే అలవాటు చేయడం ఒక్కటే దారి.

దీనికి మొదటి అడ్డంకి డబ్బు అనుకుంటారు. మా ఇంట్లో మొదటి అడ్డంకి పొగడ్త. "మీ అమ్మ మనిషి కాదమ్మా, దేవత" అంటారు. మహిళా దినోత్సవానికి ఓసారి పిలిచి శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. ఆ సభ జరిగినంతసేపూ అన్నయ్య దగ్గర ఎవరున్నారో నిర్వాహకులు అడగలేదు. దేవత అనిపించుకున్న మనిషి మర్నాడు పొద్దున "నాకు నడుం పట్టేసింది, ఒక మనిషిని పెట్టండి" అని ఎలా అడుగుతుంది? అడిగితే దేవత హోదా పోతుంది. మనిషిని పెట్టుకుందామని నేనన్నప్పుడల్లా అమ్మ ఒకటే మాట: "ఎవరో వచ్చి వాడికి కడగడమేంటే? నేను చచ్చాననుకున్నావా?" ఆ కోపంలో బాధ ఎంతుందో అంత పరువూ ఉంది.

చివరికి ఒప్పుకుంది. ఎందుకంటే, మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఇక వెతుకులాట. మన ఊళ్లలో దీనికి దారి నర్సింగ్ బ్యూరోలు. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, ఎక్కడైనా పెద్దాస్పత్రుల చుట్టుపక్కల గోడల మీద ఫోన్ నంబర్లుంటాయి. ఫోన్ చేస్తే అడిగే మొదటి ప్రశ్న "పేషెంట్ ఎన్ని కేజీలండీ?" రెండోది "నడుస్తారా, మంచం మీదేనా?" మూడోది "12 గంటలా, 24 గంటలా?" పేరు ఎవరూ అడగరు. మాకు చెప్పిన రేట్లు పగటి డ్యూటీకి నెలకు 20,000కు అటూ ఇటూ, ఇంట్లోనే ఉండే మనిషికి ఇంకా పైన. భోజనం మనదే. బ్యూరోకి ముందుగా అడ్వాన్సు, మనిషి నచ్చకపోతే రీప్లేస్‌మెంట్. ఆ మాట వాళ్లు గ్యాస్ బండ గురించి చెప్పినంత మామూలుగా చెబుతారు. అందులో ఎంత ఆ మనిషి చేతికి చేరుతుందో మాత్రం అడిగినా చెప్పరు. వచ్చిన కుర్రాడిని అడిగితే తెలిసింది, చాలా తక్కువ.

ఇక్కడ ఒక ముఖ్యమైన ఇబ్బంది ఉంది. ఈ బ్యూరోల పనంతా మంచాన పడ్డ ముసలివాళ్ల చుట్టూ, ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చినవాళ్ల చుట్టూ అల్లుకుంది. బీపీ చూడటం, డైపర్ మార్చడం, పడక పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం వరకు వాళ్లకు వచ్చు. చిన్నప్పటి నుంచీ వైకల్యంతో పెరిగి, ఇష్టాయిష్టాలూ మొండితనమూ ఉన్న నడివయసు మనిషితో రోజు గడపడం వేరే పని. మా ఇంటికొచ్చిన మొదటి కుర్రాడు మంచివాడే. అన్నయ్యకు ఫిట్స్ రాగానే పరుగెత్తుకెళ్లి బీరువా తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టి గట్టిగా అదిమాడు. మన ఊళ్లలో చదువుకున్నవాళ్లు కూడా చేసే పనే అది, వాణ్ణి ఏమంటాం? ఇనుముతో ఫిట్స్ ఆగవు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూసుకోవాలి, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి బయల్దేరాలి. ఇంత చిన్న సంగతి కూడా నేర్పకుండా మనుషుల్ని ఇళ్లకు పంపే వ్యాపారం మనది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధం అవుతుంది. మనిషి దొరక్కపోవడానికి కారణం అవతలివైపు మాత్రమే లేదు. ఆ కుర్రాడు వచ్చిన రోజే మా చుట్టాల్లో ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న "ఏవిట్లు?", అంటే కులమేంటని. ఒక పెద్దావిడ అతనికి విడిగా ఒక గ్లాసు, ఒక పళ్లెం తీసి పెట్టమంది. అన్నయ్య ఒంటికి అతని చేతులు కావాలి, మన స్టీలు గ్లాసుకు అతని పెదవులు వద్దు! అతను ఎక్కడ పడుకుంటాడు, ఏ బాత్రూం వాడతాడు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చవచ్చా, ఆదివారం సెలవుందా, ఇవేవీ మాట్లాడుకోకుండా "24 గంటల డ్యూటీ" అని ఒప్పందం రాసుకుంటాం. ఇరవై నాలుగు గంటలు మెలకువగా ఉండే మనిషి ఎవరున్నారు? తల్లికి విశ్రాంతి లేదని బాధపడి, ఆ విశ్రాంతి లేనితనాన్ని తీసుకెళ్లి ఇంకొకరి నెత్తిన పెట్టడానికి ఇంత వెతుకులాట అక్కర్లేదు. ఆ కుర్రాడు నెల తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లిపోయాడని బ్యూరోవాళ్లను అడగాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మాకు కుదిరిన మనిషి బ్యూరో ద్వారా రాలేదు. ఓ ప్రైవేటు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే వార్డుబాయ్, యాభై దాటినవాడు, మా పాలవాడికి తెలిసినవాడు. పొద్దున ఇంటికెళ్లి పడుకుని, మధ్యాహ్నం మా ఇంటికొస్తాడు. మూడు గంటలు. ఆదివారం రాడు. మొదట్లో అమ్మ గదిలోనే కుర్చీ వేసుక్కూర్చుంది, ప్రతిదానికీ అడ్డుపడుతూ. ఆ తర్వాత కుర్చీ గుమ్మం దగ్గరికి జరిగింది. ఆ తర్వాత వరండాలోకి. అమ్మ చెప్పులేసుకుని గేటు దాటడానికి ఎంతకాలం పట్టిందో లెక్కపెట్టలేదు కానీ, మామిడికాయలు వచ్చిన కాలంలో మొదలుపెడితే దసరా దాటింది.

అన్నం తినిపించడం దగ్గరే అసలు పాఠమంతా. మింగలేనివాళ్ల తల వెనక్కి వాల్చి పోస్తే లోపలికి సులువుగా జారుతుందని అందరూ అనుకుంటారు. అదే ప్రమాదం. తల వెనక్కి వాలితే మెతుకులు ఊపిరి దారిలోకి పోతాయి, పొలమారుతుంది. ఒక్కోసారి పైకి దగ్గు కూడా రాదు, వారం తర్వాత నిమోనియాగా బయటపడుతుంది. వెన్ను నిటారుగా ఉండాలి, గడ్డం కాస్త కిందికి దిగాలి. పెట్టేవాళ్లు నిలబడి పెట్టకూడదు, ఎదురుగా కూర్చుని కళ్ల ఎత్తులో పెట్టాలి. నిలబడి పెడితే తల దానంతటదే పైకి లేస్తుంది. పప్పూ నెయ్యీ వేసి మెత్తగా పిసికిన అన్నం, చెంచాలో సగమే. నాలుక మధ్యలో ఆనించి, పెదవులు మూసుకునేదాకా ఆగి, నేరుగా బయటికి తీయాలి. ఆ తర్వాత గొంతు చూడాలి. గొంతుముడి పైకి లేచి దిగితేనే రెండో చెంచా. చారు మరీ పల్చగా పనికిరాదు. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇవన్నీ అమ్మ చేతులకు తెలుసు. ఇందులో కొన్ని అన్నయ్య చిన్నతనంలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యమున్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు తీసుకెళ్లినప్పుడు అక్కడివాళ్లు నేర్పినవి. 1984లో పెట్టిన ఆ సంస్థ గురించి ఇప్పటికీ చాలా తెలుగు కుటుంబాలకు తెలియకపోవడం నాకు ఆశ్చర్యం. మిగతావి అమ్మ తనంతట తాను కనిపెట్టినవి. కనిపెట్టిందన్న సంగతి అమ్మకే తెలియదు. "ఏం చేస్తావో చెప్పవే" అంటే "ఏముంది, అన్నం పెడతా" అనేది. నేను పక్కన కూర్చుని, ఆవిడ చేసేది చూసి, వంద పేజీల నోటుబుక్కులో రాశాను. కుడి చెవి వెనక గోకితే ఏడుపు ఆపుతాడు, మిక్సీ శబ్దానికి ముందే చెప్పాలి, స్నానానికి ముందు ఎడమ మోకాలు మడవకూడదు, ఇలాంటివి. ఆ పుస్తకం మా ఇంట్లో ఇంటి పత్రాలున్న బీరువాలోనే ఉంటుంది. అన్నయ్యకు అది కూడా ఆస్తే.

కొత్త మనిషి వల్ల నేను అనుకోనిదీ ఒకటి జరిగింది. ఆయనకు అన్నయ్యను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి రైలు పట్టాలు కనపడేదాకా తోసుకెళ్లే అలవాటు పట్టుకుంది. తెనాలి జంక్షన్, బళ్లకు కొదవలేదు. గూడ్సు బండి వస్తే అన్నయ్య పెట్టెలన్నీ వెళ్లిపోయేదాకా ఊగుతూ నవ్వుతాడట. అమ్మకు ఈ సంగతి తెలియదు, తెలిసే వీలూ లేదు. ఆ కుర్చీని ఎండలో తోయగల శక్తి ఆవిడకు పోయి చాలా కాలమైంది. కొడుక్కి ఏది ఇష్టమో తనకంటే ఎవరికీ తెలియదనుకునే మనిషి, పరాయివాడి నోట కొడుకు ఇష్టం ఒకటి విని కాసేపు ముభావంగా ఉండిపోయింది. ఆ ముభావం నాకు బాధగా అనిపించలేదు. ఇంకొక మనిషి ద్వారా ఇంకొక లోకం తెరుచుకోవడం నలభై ఏళ్ల మగాడికి ఉండాల్సిందే.

"పరాయివాణ్ణి నమ్మి ఒంటరిగా ఎలా వదులుతాం? కొడితే చెప్పుకోలేడు కదా" అని నన్ను చాలామంది తల్లులు అడిగారు. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లను నేను నమ్మను. మాటరాని మనుషుల మీద జరిగే దౌర్జన్యం బయటికి రాదు, వచ్చినా పోలీస్ స్టేషన్‌లో సాక్ష్యం నిలబడటం కష్టం. ఆడపిల్లల విషయంలో ఈ భయం వెయ్యింతలు, అక్కడ ఆడమనిషి తప్ప ఇంకొకరిని ఒప్పుకోకూడదు. ఆధార్ కాపీ తీసుకోండి, పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, చేయాల్సినవే. కానీ కాగితాల కంటే కాపాడేది ఎక్కువమంది వచ్చిపోయే ఇల్లు. తలుపు తీసి ఉండటం, వేళకాని వేళలో ఎవరో ఒకరు రావడం, స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద మరకలు చూసే రెండో జత కళ్లుండటం, ఫలానా మనిషి రాగానే బిడ్డ బిగుసుకుపోతున్నాడా అని గమనించడం. తల్లి ఒక్కతే చూసే ఇంట్లో కూడా దెబ్బలుంటాయి, ఎవరూ మాట్లాడరు గానీ. నిద్రలేక, నడుం విరిగి, చేయి చేసుకుని, తర్వాత పూజగదిలో ఏడ్చిన తల్లుల్ని నేనెరుగుదును. మనుషులు తక్కువైన కొద్దీ ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది.

అమెరికాలో అయితే ఇవన్నీ ప్రభుత్వమే చూసుకుంటుందని మనవాళ్లకో నమ్మకం. కొంత నిజమే. మా పిన్ని కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది, బాబుకు ఆటిజం. అక్కడ 1969 నుంచీ ఉన్న లాంటర్‌మన్ చట్టం కింద రీజినల్ సెంటర్లు కుటుంబానికి రెస్పైట్ గంటలు మంజూరు చేస్తాయి, ఆ గంటలకు వచ్చే మనిషికి జీతం కూడా అందుతుంది. ఇంట్లో సేవలకు ఇంకో పథకం ఉంది, దాని కింద కొన్ని షరతులతో తల్లిదండ్రులకే వేతనం ఇస్తారు. ఇంతా ఉండి మా చెల్లెలు చెప్పేదేమిటంటే, గంటలు చేతిలో ఉన్నాయి, మనిషి దొరకడం లేదని. తెలుగు అర్థమయ్యే మనిషి, పెరుగన్నం పెట్టగలిగిన మనిషి కావాలంటే ఇంకా కష్టం. చివరికి ఏం చేశారు? విజిటర్ వీసా మీద అత్తగారూ మామగారూ, వాళ్ల ఆర్నెల్లు అయ్యాక అమ్మానాన్నా. శంషాబాద్ విమానాశ్రయంలో ఆవకాయ జాడీతో కనిపించే పెద్దవాళ్లలో ఎంతమంది ఈ డ్యూటీకి వెళ్తున్నారో! అయినా ఆ దేశానికీ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ గంట అనేది లెక్కలోకొచ్చింది. కుటుంబానికి ఇన్ని గంటల సాయం కావాలని కాగితం మీద రాసి, దానికో ధర కట్టారు.

మన దగ్గర చట్టం చదివితే ఏ లోటూ కనపడదు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. అందులో 28వ అధికరణం పేదరికంలో ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం అందించాల్సిన సాయాల్లో రెస్పైట్ కేర్‌ను పేరు పెట్టి మరీ చెబుతుంది. ఆ ఒడంబడికకు అనుగుణంగా చేసిన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 5వ సెక్షన్ ఇంటి దగ్గర అందే సేవలు, వ్యక్తిగత సహాయకుల గురించి చెబుతుంది. 24వ సెక్షన్, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలంటుంది. అదే సెక్షన్ మొదట్లో "ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు" అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంది. ఆ మాటతో కింద రాసిందంతా ఐచ్ఛికమైపోయింది.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లకు కొన్ని పథకాలున్నాయి. నిరామయ అనే బీమా ఉంది, ఏడాదికి 1 లక్ష వరకు వైద్యానికీ థెరపీలకూ వస్తుంది. తీసుకోనివాళ్లు తీసుకోండి. ఇళ్లలో చూసుకునేవాళ్లకు శిక్షణ ఇవ్వడానికి సహయోగి అనే పథకం పెట్టారు. కొద్దికాలం ఉంచుకుని చూసే కేంద్రాల కోసం సమర్థ్, జీవితాంతం ఉండే చోటు కోసం ఘరౌందా. తర్వాత ఈ రెండింటినీ కలిపి ఒకే పథకం చేశారు. పాలనకు అది సుఖమేమో గానీ, నాకు మాత్రం మింగుడుపడదు. నాలుగు రోజులు కొడుకును దిగబెట్టి కూతురి పురుడుకు వెళ్లొద్దామనుకునే తల్లికి, ఇక తిరిగి ఇంటికి వెళ్లనివాళ్లు ఉండే చోటే చూపిస్తే ఆవిడ గేటు దగ్గరి నుంచే వెనక్కొచ్చేస్తుంది. "హోమ్‌లో వేసేసింది" అన్న మాట పడటానికి ఏ తల్లీ సిద్ధంగా ఉండదు. అందుకే ఈ సాయం ఇంటికే రావాలి అంటున్నాను. ఆ మంచం, ఆ కిటికీ, ఆ మిక్సీ శబ్దం ఉన్నచోటికే మనిషి రావాలి.

పింఛను సంగతికొస్తే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనవాళ్లలో కొన్ని కోవలవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2023 జూలైలో 4,016 చేశారు. అన్నయ్యకు సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో తేల్చేది) మీద 6,000 వస్తుంది. ఇది చిన్న సాయం అని నేననను. డైపర్లకూ మందులకూ సరిపోయినంత సరిపోతుంది. అక్కడితో అయిపోతుంది. ఆదాయపు పన్నులో వికలాంగుల్ని పోషించేవాళ్లకు 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 తగ్గింపు ఉంది, అదీ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే. పన్ను కట్టేంత ఆదాయం లేని ఇంటికి దాంతో పనేముంది? పొలం పనికెళ్లే తల్లి బిడ్డను ఎవరికి అప్పజెబుతుంది? పెద్దకూతురికి. ఆ పిల్ల బడి మానేస్తుంది. మన ఊళ్లలో ఉచితంగా దొరుకుతున్న రెస్పైట్ కేర్ ఇదే, దాని ఖరీదు ఆ పిల్ల చదువు.

పక్కనే కేరళ ఉంది. అక్కడ ఆశ్వాసకిరణం పేరుతో, మంచం మీదున్నవాళ్లను చూసుకునే ఇంటిమనిషికి నెలకు 600 ఇస్తారు. 600 ఏపాటి అంటే ఏపాటీ కాదు. కానీ ఆ డబ్బు రోగి పేరు మీద కాకుండా, చూసుకునే మనిషి చేసిన పనికి లెక్కగట్టి ఇచ్చింది. ఈమధ్య కుటుంబశ్రీ (అక్కడి మహిళా సంఘాలు) మహిళలకు ఇంటి సంరక్షణలో శిక్షణ ఇచ్చి కే4కేర్ పేరుతో ఇళ్లకు పంపుతున్నారు. మన రెండు రాష్ట్రాల్లో డ్వాక్రా సంఘాలకు ఏం తక్కువ? ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలున్నాయి, రెండుచోట్లా ఆశా కార్యకర్తలున్నారు, ఎవరింట్లో ఏ వైకల్యం ఉందో సదరం లెక్కల్లో శాతాలతో సహా ఉంది. ఒకటో తారీఖున తలుపు తట్టి డబ్బు చేతిలో పెట్టగలిగిన యంత్రాంగానికి, వారానికి రెండు మధ్యాహ్నాలు తలుపు తట్టి "అమ్మా, మీరు బయటికెళ్లి రండి, నేనుంటాను" అనే మనిషిని పంపడం అసాధ్యమైన పనేం కాదు. మండలానికి పదిమంది శిక్షణ పొందిన మనుషులు, వాళ్లకు నెల జీతం, ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లు పింఛను ఇంకో వెయ్యి పెంచుతామంటే నేను ఇప్పుడు ఒకటే అడుగుతున్నాను, "గంటలు ఎన్ని ఇస్తారు?" అని. ఇంతవరకూ ఒక్కరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఒకాయన కరెంటు గురించి అనుకున్నాడు.

అంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చోలేం కాబట్టి, ఈ దారిలో ఉన్నవాళ్లకు నాలుగు ముక్కలు. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. పదేళ్ల పిల్లాడు పక్కింటి అత్త చేతి ముద్ద తినడం నేర్చుకున్నంత సులువుగా నలభై ఏళ్ల మనిషి నేర్చుకోడు. మొదటి రోజే పూర్తిగా అప్పజెప్పి ఊరెళ్లకండి. 12 గంటల మనిషి కోసం వెతికి దొరక్క వదిలేసేకంటే రెండు గంటల మనిషి మేలు. వచ్చిన మనిషికి మీ గ్లాసులోనే మంచినీళ్లివ్వండి. బిడ్డకు 18 నిండితే చట్టప్రకారం తల్లిదండ్రులు కూడా దానంతటదే గార్డియన్లు కారు, నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికొచ్చే వైకల్యాలకు కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మేం నా పేరు కూడా పెట్టించాం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నవాళ్లు ఈ సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. నా పెళ్లిచూపుల్లో ఈ విషయం ముందే చెప్పినందుకు ఒక సంబంధం పోయింది, ఇంకొకటి నిలిచింది. ఆ నిలిచిన మనిషే ఇప్పుడు నెలకోసారి తెనాలి వచ్చి అన్నయ్యకు గడ్డం గీస్తాడు.

పగలు కుదిరింది, రాత్రి ఇంకా కుదరలేదు. అన్నయ్యకు తెల్లవారుజామునే ఎక్కువగా ఫిట్స్ వస్తాయి, ఆ వేళకు అమ్మ నిద్ర కుక్క నిద్రే. రాత్రి మనిషిని పెడదామంటే పడుకునే చోటు గురించి మళ్లీ మొదటి నుంచీ తగాదా. హాల్లో మంచం వేద్దామని నేను, పరాయివాడు ఇంట్లో పడుకోవడమేంటని అమ్మ. మధ్యాహ్నం వచ్చే ఆయన తన తమ్ముడి కొడుకును పంపుతానన్నాడు. కుర్రాడు ఇంటర్ చదివి ఖాళీగా ఉన్నాడట, జీతం ఎంతో ముందే చెప్పమన్నాడు, ఆదివారంతో పాటు ఇంకో రాత్రి సెలవు కావాలన్నాడు. నేను సరేనన్నాను. అమ్మ ఇంకా అనలేదు.